పుష్కర ఘాట్‌లో చీపురు: పండుగ ఖర్చుకు మన లెక్క ఏది?



పోయిన వారం ఆర్టికల్ 17 గురించి రాశాను. అది చదివిన మా డిగ్రీ విద్యార్థి ఒకతను క్లాసు అయ్యాక వచ్చి అడిగాడు. "మేడమ్, మనది సెక్యులర్ దేశం కదా. మరి ప్రభుత్వం పుష్కరాలకూ, బోనాలకూ, రంజాన్ తోఫాకూ, క్రిస్మస్ విందుకూ డబ్బు ఎలా ఇస్తుంది? అమెరికాలోలాగా మతాన్నీ రాజ్యాన్నీ విడగొట్టేస్తే మన సమస్య తీరిపోదా?"

మంచి ప్రశ్న. రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపించేయొచ్చు. కానీ ఆ ప్రశ్న వినగానే నాకు రాజ్యాంగం కంటే ముందు మా చిన్నాన్న గుర్తొచ్చాడు. అందుకే ఈ వారం పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి.

2015 జులై 14న గోదావరి పుష్కరాలు మొదలయ్యాయి. పన్నెండు రోజులు. మా చిన్నాన్న అప్పుడు ఒక మున్సిపాలిటీలో కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుడు. అక్కడి నుంచి ఒక జట్టును లారీ ఎక్కించి రాజమండ్రి తీసుకెళ్లారు. షామియానా కింద పడక. తెల్లవారుజామున మూడింటికి లేవాలి. ఘాట్ మెట్ల మీద పూలు, తడిబట్టలు, ఆకు డొప్పలు, పిండాల అన్నం ఎత్తాలి. మధ్యాహ్నం మరుగుదొడ్ల డ్యూటీ. మొదటి రోజే పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాట జరిగింది. కనీసం 27 మంది చనిపోయారు. ఆ తర్వాత అక్కడ పడి ఉన్న చెప్పులూ సంచులూ కుప్పపోసిన వాళ్లలో మా చిన్నాన్న కూడా ఉన్నాడు. ఆ పన్నెండు రోజుల కూలి డబ్బులు వినాయక చవితి దాటాక గానీ చేతికి రాలేదు.

తర్వాత ఒకసారి ఇంటికొచ్చినప్పుడు అడిగాను. "చిన్నాన్నా, పన్నెండు రోజులు గోదారి గట్టునే ఉన్నావు కదా, మునిగావా?"

"మునిగానమ్మా. రాత్రి రెండింటికి, జనం పల్చబడ్డాక."

"ఎవరన్నా వద్దన్నారా?"

"వద్దన్నోళ్లు లేరు. చీపురు పట్టుకున్నోణ్ణి రమ్మన్నోళ్లూ లేరు."

ఈ మాట దగ్గర పెట్టుకుని చరిత్రలోకి వెళదాం.

ముందు రాజ్యాంగం. ఆర్టికల్ 27 ఏమంటుందంటే, ఏదైనా ఒక మతాన్ని ప్రోత్సహించడానికో పోషించడానికో ప్రత్యేకించి కేటాయించే పన్నును కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. జాగ్రత్తగా చదవండి. మతానికి ప్రభుత్వం పైసా ఇవ్వకూడదని అందులో లేదు. ఇంకా గట్టిగా రాయాలని రాజ్యాంగ సభలో ప్రయత్నం జరిగింది. 1948 డిసెంబర్‌లో ప్రొఫెసర్ కె.టి. షా ఒక సవరణ తెచ్చారు. భారత రాజ్యం సెక్యులర్ కాబట్టి దానికి ఏ మతంతోనూ ఏ సంబంధమూ ఉండకూడదు అని దాని సారాంశం. సభ దాన్ని తోసిపుచ్చింది. 1956లో ఏడో సవరణతో ఆర్టికల్ 290ఎ వచ్చి చేరింది. దాని ప్రకారం కేరళ ఖజానా నుంచి ఏటా 46 లక్షల 50 వేల రూపాయలు తిరువాంకూరు దేవస్వం నిధికి వెళ్లాలి. తమిళనాడు ఖజానా నుంచి అక్కడి గుళ్ల నిధికి 13 లక్షల 50 వేలు వెళ్లాలి. అంటే గుడికి ఇచ్చే సొమ్ము రాజ్యాంగంలోనే అంకెలతో సహా రాసి ఉంది.

మరి ఎంత ఇస్తే తప్పు? ఈ ప్రశ్న 2011లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ప్రఫుల్ గొరాడియా అనే మాజీ ఎంపీ హజ్ సబ్సిడీ మీద వేసిన కేసు అది. వసూలైన పన్నులో పెద్ద భాగం ఒక మతానికి పోతే ఆర్టికల్ 27 ఉల్లంఘన అవుతుందనీ, చిన్న భాగమైతే కాదనీ కోర్టు చెప్పింది. ఉదాహరణకు దేశం మొత్తం ఆదాయపు పన్నులో 25 శాతం ఒక మతానికి ఖర్చుపెడితే అది చెల్లదు అంది. హజ్ సబ్సిడీ అంత లేదు కాబట్టి కేసు కొట్టేసింది. మరుసటి ఏడాది ఇంకో కేసులో ఆ సబ్సిడీని పదేళ్లలో దశలవారీగా ఎత్తేయమని సుప్రీంకోర్టే చెప్పింది. 2018లో కేంద్రం దాన్ని పూర్తిగా ఆపేసింది. టీవీ చర్చల్లో 'సబ్సిడీ' అన్న మాట హజ్‌కే అంటుకుంది. నదీ స్నానాలకు పెట్టే ఖర్చుకు ఆ పేరు ఎవరూ పెట్టలేదు. దాన్ని 'ఏర్పాట్లు' అంటారు.

ఇది మొదటి లెక్క. శాతాల లెక్క.

మా విద్యార్థి అడిగిన అమెరికా లెక్క వేరు. 1784లో వర్జీనియా రాష్ట్రంలో క్రైస్తవ బోధకుల కోసం పన్ను వేయాలని ఒక బిల్లు వచ్చింది. జేమ్స్ మాడిసన్ దాన్ని వ్యతిరేకిస్తూ విజ్ఞాపన రాశాడు. అందులో ఒక వాదన ఉంది. ఒక మతం కోసం నా దగ్గర మూడు పెన్నీలు బలవంతంగా తీసుకోగలిగిన ప్రభుత్వం, రేపు ఇంకే మతానికైనా పూర్తిగా తలవంచమని కూడా నన్ను బలవంతపెట్టగలదు అని. బిల్లు వీగిపోయింది. 1786లో జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛ చట్టం వర్జీనియాలో అమల్లోకి వచ్చింది. మన కోర్టు 25 శాతం దగ్గర ఆగితే మాడిసన్ మూడు పెన్నీల దగ్గరే ఆపాడు. సూత్రంగా చూస్తే మాడిసన్ మాటే గట్టిది.

కానీ మాడిసన్ తోటలో బానిసలు పనిచేసేవాళ్లు. వాళ్ల మూడు పెన్నీల గురించి ఆయనకు లెక్క లేదు, ఎందుకంటే వాళ్ల కష్టమే మొత్తంగా ఆయనది. అందువల్ల రెండో లెక్క కూడా మనకు పూర్తిగా సరిపోదు. అది పన్ను కట్టేవాడి మనస్సాక్షిని కాపాడుతుంది. పండుగ రోజున చీపురు ఎవరి చేతికొస్తుందో అడగదు.

మన దేశంలో సర్కారు, పండుగ, కులం మూడూ ఎలా కలిశాయో చూడాలంటే పూరీకి వెళ్లాలి.

1803లో ఈస్టిండియా కంపెనీ ఒరిస్సాను మరాఠాల నుంచి గెలుచుకుంది. జగన్నాథ ఆలయం కంపెనీ చేతిలోకి వచ్చింది. 1806లో కంపెనీ అక్కడ యాత్రికుల పన్నును చట్టం చేసింది. పన్ను వసూలు చేసేది, గుడి ఖర్చుకు డబ్బిచ్చేది, రథయాత్రకు కాపలా పెట్టేది క్రైస్తవ దొరల కంపెనీ. 1809లో బెంగాల్ ప్రభుత్వం నాలుగో రెగ్యులేషన్ తెచ్చింది. అందులో గుడిలోకి రానివ్వకూడని కులాల జాబితా ఉంది. చమార్, డోమ్, పాణ్, హాడి, బావురి, ఇంకా ఎన్నో పేర్లు. అప్పటిదాకా పూజారి నోటిలో, ఊరి కట్టుబాటులో ఉన్న అంటరానితనం ప్రభుత్వ గెజిట్ భాషలోకి ఎక్కింది. కంపెనీకి మన మతం మీద భక్తి లేదు, మన మీద పగా లేదు. పండుగ సాఫీగా జరగాలి, పన్ను రావాలి. అందుకని ఉన్న ఆచారాన్ని ఉన్నట్టే రాసి ముద్ర వేసింది. సర్కారు ఒక పండుగను 'ఉన్నది ఉన్నట్టు' నెత్తికెత్తుకుంటే ఏమవుతుందో ఈ ఒక్క రెగ్యులేషన్ చూస్తే తెలుస్తుంది.

మన మద్రాసు ప్రెసిడెన్సీలో పద్ధతి ఇంకో రకం. ఆంధ్ర, రాయలసీమ జిల్లాలు అప్పుడు అందులోనివే. 1817 ఏడో రెగ్యులేషన్‌తో గుళ్లూ, వాటి మాన్యాలూ రెవెన్యూ బోర్డు కిందకు వచ్చాయి. కలెక్టర్లు ఉత్సవాల ఖర్చు చూసేవాళ్లు, రథాలు బాగుచేయించేవాళ్లు. రథం కదలాలంటే వందల మంది తాడు లాగాలి. రెవెన్యూ బంట్రోతులు ఊళ్ల మీద పడి రైతుల్నీ కూలీల్నీ తోలుకొచ్చి తాడు పట్టించేవాళ్లు. క్రైస్తవం తీసుకున్న కింది కులాల వాళ్లను కూడా వదల్లేదు. దీని మీద మిషనరీలు, కొందరు అధికారులు 1836లో మద్రాసు ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. 1838లో మద్రాసు సైన్యాధిపతి సర్ పెరెగ్రిన్ మెయిట్‌లాండ్, ఉత్సవాల్లో సైనికులు పాల్గొనే ఏర్పాటును ఒప్పుకోలేక రాజీనామా చేశాడు. 1840లో పూరీ, గయ, అలహాబాద్‌లలో యాత్రికుల పన్ను రద్దయింది. 1843లో తిరుమలను కంపెనీ హాథీరాంజీ మఠానికి అప్పగించింది. 1863లో ఇరవయ్యో చట్టంతో ప్రభుత్వం గుళ్ల నిర్వహణ నుంచి తప్పుకుంది.

మా విద్యార్థి కోరుకున్న విభజన ఇదే కదా. రాజ్యం ఒక పక్క, మతం ఒక పక్క. జరిగిపోయింది. మరి మనకేం ఒరిగింది?

గుళ్లు, గుళ్ల కింద వేల ఎకరాల మాన్యాలు మఠాధిపతుల చేతికీ, ధర్మకర్తల చేతికీ వెళ్లాయి. ఆ ధర్మకర్తలు ఎవరు? ఊళ్లో భూమి ఎవరిదో వాళ్లే. మాన్యం దున్నేవాడు మాత్రం గుడి గోడ బయటే ఉన్నాడు. రాజ్యం తప్పుకుంటే ఆ ఖాళీలోకి కులం వచ్చి కూర్చుంది. అందుకే ఆ తర్వాత అరవై ఏళ్లకు జస్టిస్ పార్టీ ప్రభుత్వం మళ్లీ చట్టం తేవాల్సి వచ్చింది. పానగల్లు రాజా ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1925లో హిందూ ధర్మాదాయ చట్టం చేశారు. కోర్టుల్లో చిక్కులొస్తే 1927లో మళ్లీ చేశారు. గుడి లెక్కలు ప్రభుత్వం చూడటం అలా మొదలైంది. గుడి తలుపులు తెరిచింది కూడా చట్టమే. 1936 నవంబర్ 12న తిరువాంకూరు ప్రకటన, 1939లోనూ 1947లోనూ మద్రాసు ఆలయ ప్రవేశ చట్టాలు, ఆ తర్వాత రాజ్యాంగంలో ఆర్టికల్ 25లోని రెండో భాగం. రాజ్యం మతంలో జోక్యం చేసుకోకూడదని ఎవరైనా గట్టిగా అంటే, 'ఏ జోక్యం?' అని అడగడం మనం మర్చిపోకూడదు. 1809లో జాబితా రాసింది రాజ్యమే. 1947లో అలాంటి కట్టుబాట్లను చింపింది కూడా రాజ్యమే.

ఇక నాసిక్. 1930 మార్చి 2న బాబాసాహెబ్ నాయకత్వంలో కాలారామ్ ఆలయ సత్యాగ్రహం మొదలైంది. ఏప్రిల్‌లో శ్రీరామనవమి రథోత్సవం వచ్చింది. రథం తాడు సవర్ణులూ అంటరానివాళ్లూ కలిసి పట్టుకోవాలని రాజీ కుదిరింది. తీరా సమయానికి మనవాళ్ల చెయ్యి పడకముందే రథాన్ని లాక్కుని పారిపోయారు. రాళ్లు పడ్డాయి. మద్రాసులో తాడు పట్టుకోమని కొట్టారు, నాసిక్‌లో తాడు పట్టుకోబోతే కొట్టారు. తాడు అదే. వెట్టిగా పట్టుకోవాలా, హక్కుగా పట్టుకోవాలా అన్నదే తేడా.

ఇక్కడికి మూడో లెక్క వస్తుంది. ఇది మనవాళ్లు కట్టిన లెక్క.

1923 ఆగస్టు 4న బొంబాయి శాసనమండలిలో సీతారాం కేశవ్ బోలే ఒక తీర్మానం పెట్టారు. ప్రజాధనంతో కట్టిన, ప్రజాధనంతో నిర్వహించే చెరువులు, బావులు, ధర్మశాలలు అన్నీ అంటరానివాళ్లూ వాడుకోవచ్చు అని. బడులు, కోర్టులు, ఆస్పత్రులు కూడా అందులో ఉన్నాయి. తీర్మానం నెగ్గింది. మహద్ పట్టణంలోని చవదార్ చెరువు మున్సిపాలిటీ కింద ఉండేది. 1924లో ఆ మున్సిపాలిటీ కూడా ఒప్పుకుంటూ తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది, నీళ్ల దగ్గర తెరుచుకోలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్లి ఆ నీళ్లు తాగారు. సవర్ణులు ఆ చెరువును 'శుద్ధి' చేశారు, తర్వాత అది మా సొంతమని కోర్టుకెక్కారు. పదేళ్ల తర్వాత 1937లో బొంబాయి హైకోర్టు వాళ్ల వాదన తోసిపుచ్చింది.

బోలే తీర్మానంలోని ఆ ఆలోచనే రాజ్యాంగంలో ఆర్టికల్ 15(2) అయింది. ప్రభుత్వ నిధులతో పూర్తిగానో కొంతవరకో నిర్వహించే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు వాడుకోకుండా కులం పేరుతో ఎవరినీ ఆపకూడదు. స్నానఘట్టాలు అన్న మాట రాజ్యాంగంలోనే ఉంది మిత్రులారా. మా చిన్నాన్న రాత్రి రెండింటికి మునిగింది ఆ స్నానఘట్టంలోనే.

మన లెక్క ఇలా ఉంటుంది. సర్కారు రూపాయి ఎక్కడ పడితే అక్కడ ఆర్టికల్ 17 కూడా కాలు పెట్టాలి. 25 శాతమా, మూడు పెన్నీలా అన్నది తర్వాత సంగతి. ఒక్క రూపాయి ప్రజాధనం పడినా ఆ చోట కులం వరస చెల్లకూడదు.

దీన్ని ఇప్పటి పండుగలకు పెట్టి చూద్దాం.

ఒక చోట లక్షల మంది చేరతారని తెలిసినప్పుడు నీళ్లు, మరుగుదొడ్లు, డాక్టర్లు, పోలీసులు ఉండాల్సిందే. అది మతానికి ఖర్చు కాదు, మనుషుల ప్రాణాలకు ఖర్చు. 2015లో పుష్కర ఘాట్‌లో పోయిన ప్రాణాలు చూశాక ఈ ఖర్చు వద్దని నేను అనను. కానీ భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు పంపడం వేరే పద్దు. తానీషా కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అంటారు. తానీషా సుల్తాను. తన సొమ్ము, తన ఇష్టం. రాజు మొక్కుకుంటే రాజ్యం మొక్కు తీర్చేది. గణతంత్రంలో ముఖ్యమంత్రి రాజు కాదు. 2017 ఫిబ్రవరిలో రాష్ట్రం వచ్చినందుకు మొక్కుగా తెలంగాణ ప్రభుత్వం తరఫున తిరుమల వెంకన్నకు దాదాపు 5 కోట్ల రూపాయల బంగారు నగలు సమర్పించారు. తెలంగాణ కోసం ఉస్మానియాలో లాఠీ దెబ్బలు తిన్న దళిత విద్యార్థులు, ధూంధాంలలో దప్పు కొట్టిన మాదిగ కళాకారులు ఉన్నారు. ఆ మొక్కు వాళ్లందరి తరఫునా మొక్కిందేనా? వాళ్లను ఎవరు అడిగారు?

"అక్కా, బోనాలు, బతుకమ్మ, మేడారం మన బహుజనుల పండుగలే కదా, వాటికి డబ్బిస్తే మనకు గౌరవమే కదా" అనే మిత్రులున్నారు. ఈ మాటలో నిజం ఉంది. వందల ఏళ్లు రాచమర్యాద బ్రాహ్మణ గుడికే దక్కింది. 2014లో బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలైనప్పుడు నాకూ సంతోషం వేసింది. మేడారంలో పూజారులు కోయలే. అక్కడ వేదమంత్రం లేదు. కానీ ప్రభుత్వ డబ్బు వెంట దేవాదాయ శాఖ వస్తుంది, కమిటీలు వస్తాయి, వీఐపీ దర్శనం వస్తుంది. గద్దెల దగ్గర కోయల మాట చెల్లుతుందా, ఆఫీసర్ మాటా అని ఆదివాసీ మిత్రులు అడుగుతున్నది ఇందుకే. అమ్మవారి జాతరల్లో దప్పు మాదిగది, ముందు నడిచే జోగిని దళిత ఆడకూతురు, ఆలయ కమిటీ కుర్చీ మాత్రం వేరేవాళ్లది. జోగిని, దేవదాసి ఆచారాన్ని నిషేధిస్తూ 1988లోనే ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. మన పండుగ అన్నంత మాత్రాన మన లెక్క నుంచి మినహాయింపు లేదు. ఇంకొంచెం గట్టిగానే అడగాలి.

అందుకని విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతాను. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. మీ జిల్లాలో ఈ ఏడాది ప్రభుత్వం డబ్బిచ్చిన ఒక పండుగ పేరు తీసుకోండి. దరఖాస్తులో ఈ నాలుగు సంగతులు అడగండి.

ఒకటి. ఎంత ఖర్చయింది, ఏ పద్దు కింద? ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ నిధులు అందులో ఉన్నాయా? ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడలకు ఎస్సీల నిధులు వందల కోట్లు మళ్లించిన సంగతి మర్చిపోకండి. 2013లో పోరాడి తెచ్చుకున్న సబ్‌ప్లాన్ చట్టం మనం అడిగితేనే పనిచేస్తుంది.

రెండు. అందులో మంచినీళ్లు, వైద్యం, పారిశుధ్యానికి ఎంత? పట్టువస్త్రాలకు, పూజలకు, ప్రకటనల ఫ్లెక్సీలకు ఎంత?

మూడు. ఎంతమంది పారిశుధ్య కార్మికుల్ని పెట్టారు, రోజుకు ఎంత కూలి, ఏ తేదీన ఇచ్చారు? గ్లౌజులు, బూట్లు ఇచ్చారా?

నాలుగు. ఉత్సవ కమిటీలో ఎస్సీ, ఎస్టీ సభ్యులు ఎంతమంది?

ఇంకో సంగతి కాగితం మీద దొరకదు, మీరే వెళ్లి చూడాలి. ఊరేగింపు దళితవాడలోకి వస్తుందా, వాడ మలుపు దగ్గరే వెనక్కి తిరుగుతుందా? మతపరమైన ఊరేగింపుల్లో, జాతరల్లో పాల్గొనకుండా దళితుల్ని అడ్డుకోవడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2015 సవరణలో 'జాతర' అన్న మాటతో సహా ఉంది. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది.

మా విద్యార్థికి నా జవాబు ఇది. నాన్నా, మతాన్నీ రాజ్యాన్నీ విడగొట్టాలి, నిజమే. ముఖ్యమంత్రి చేతిలో పట్టువస్త్రాల పళ్లెం ఉండకూడదు, అది ఏ దేవుడి కోసమైనా సరే. కానీ రాజ్యం పక్కకు తప్పుకుంటే చాలు అనుకోకు. 1863లో తప్పుకుంటే ఏమైందో చూశాం. గుడి తలుపు మూసి ఉంటే తెరవడానికీ, మాన్యం ఎవరు తింటున్నారో లెక్క చూడటానికీ, చీపురు పట్టినవాడికి పూర్తి కూలి సమయానికి ఇప్పించడానికీ రాజ్యం అక్కడ ఉండాల్సిందే.

మా చిన్నాన్న ఇప్పుడు పని మానేశాడు. నడుం నొప్పి. 2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు వస్తాయి. మళ్లీ లారీలు బయల్దేరతాయి. అందులో ఎక్కేవాళ్లు ఎవరో మనకు ఇప్పుడే తెలుసు. వాళ్ల కూలి, వాళ్ల పడక, వాళ్ల గ్లౌజులు, పగటిపూట అందరితో పాటు ఆ మెట్ల మీద వాళ్ల చోటు గురించి ఇప్పటి నుంచే అడగడం మొదలుపెడదాం. దరఖాస్తు నమూనా కావలసినవాళ్లు చెప్పండి, పంపిస్తాను.

వచ్చే వారం మాన్యం భూముల గురించి.

జై భీమ్.